గురి తప్పిన జవాబుదారీ

కొత్తగా కొన్న చెప్పుల కుట్టు ఊడితే మర్నాడే దుకాణానికి పట్టుకెళ్లి నిలదీయవచ్చు. మిక్సీ మొరాయిస్తే బాగుచేసేవాడు వీధి మలుపులోనే దొరుకుతాడు. చట్టం చెప్పిన గడపలన్నీ ఎక్కి దిగి, లక్ష రూపాయలకు పైగా ధారపోసి, ప్రాణరక్షణ కోసం కొనుక్కొన్న రివాల్వరు తొలినాళ్లలోనే మొండికేస్తే ఆ పౌరుడు ఎవరికి మొరపెట్టుకోవాలి? ఈ ప్రశ్నకు సూటిగా బదులిచ్చే నాథుడు మన దేశంలో కనిపించడు. తుపాకీ చేపట్టదలచినవాడి పుట్టుపూర్వోత్తరాలన్నీ తవ్వితీసే యంత్రాంగం, ఆ తుపాకీ తయారీలోని లోపాల ప్రస్తావన వచ్చేసరికి మౌనముద్ర దాలుస్తోంది. ఆయుధంతో అపాయం రెండు వైపులనుంచి పొంచి ఉంటుంది. పట్టుకొన్న మనిషి వక్రబుద్ధి ఒకటి; తయారుచేసిన చేతుల నిర్లక్ష్యం మరొకటి. మన ఏలికల చూపంతా మొదటిదానిపైనే. రెండోదాన్ని గాలికి వదిలేయడం ప్రజల ప్రాణాలతో చెలగాటమే.

1959నాటి ఆయుధ చట్టం ప్రకారం తుపాకీ కలిగి ఉండటం హక్కు కాదు. అనుమతితో దక్కే వెసులుబాటు మాత్రమే. పోలీసు విచారణ జరగాలి. లైసెన్సు అధికారి సంతృప్తి చెందాలి. 2016నాటి ఆయుధ నిబంధనలు భద్రతా శిక్షణనూ జోడించాయి. 2019 సవరణ ఒక్కొక్కరు ఉంచుకోదగ్గ తుపాకుల సంఖ్యను మూడునుంచి రెండుకు కుదించింది. ఈ కట్టడి అవసరమే, ఎవరూ తప్పుపట్టరు. ఇన్ని వడపోతలు దాటి దుకాణం మెట్లెక్కిన వ్యక్తికి ఎంచుకోవడానికి ఉన్నవెన్ని? సామాన్య పౌరులకు విదేశీ తుపాకుల దిగుమతి 1980ల నడుమనే దాదాపుగా మూతపడింది. సైన్యం, పోలీసులు వాడే బోర్లు నిషిద్ధం. మిగిలింది ప్రధానంగా .32 బోరు రివాల్వరు. దశాబ్దాలపాటు దాని తయారీ ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల గుత్తసొత్తు. 2014లో కాన్పూర్ కర్మాగారం 'నిర్భీక్' పేరిట మహిళలకోసమంటూ విడుదల చేసిన 500 గ్రాముల తేలికపాటి రివాల్వరు ధర అప్పట్లోనే లక్షా 20 వేల రూపాయలు దాటింది. పోటీ లేని అంగట్లో ధర అమ్మేవాడిది, ఖర్మ కొనేవాడిది!

రివాల్వరు చూడటానికి చిన్నదే. దాని అంతరంగం గడియారమంత సున్నితం. మీట నొక్కగానే తూటాలు నింపిన చక్రం- సిలిండర్- ఒక గడి తిరగాలి. తూటా గొట్టానికి సరిగ్గా ఎదురుగా వచ్చి, అక్కడే కదలకుండా బిగుసుకోవాలి. ఆపై సుత్తి తగినంత బలంతో తూటా అడుగునున్న మందుబిళ్లపై పడాలి. ఈ వరస వెంట్రుకవాసి తప్పినా అనర్థమే. చక్రం నిలవవలసిన చోట నిలవకపోతే గుండు గొట్టం అంచును ఒరుసుకొంటూ దూరుతుంది. చెక్కుకుపోయిన సీసపు తునకలు పక్కలకు చిమ్మి, పేల్చినవాడి చేతినో చెంతనున్నవారి కంటినో గాయపరచవచ్చు. సుత్తి దెబ్బ బలహీనమైతే తూటా పేలదు. తూటా గదుల లోపలి నునుపు చాలకపోతే పేలిన తొడుగులు ఇరుక్కుపోయి బయటికి రావు. మీట మరీ బిగువైతే గురి చెదురుతుంది. ఎత్తిపెట్టిన సుత్తికి పట్టు చాలకపోతే చిన్నపాటి తోపుకే జారి, అనుకోనివేళ తుపాకీ పేలుతుంది. వీటిలో ఒక్కటి కూడా వాడకంతోనే వచ్చి తీరాలన్న నియమం లేదు. ఆకురాయి సరిగా ఆడకపోయినా, కొలతలో తేడా వచ్చినా, తనిఖీదారు కన్నుమూసి ముద్ర వేసినా కొత్త డబ్బాలోంచే ఈ జబ్బులు బయటపడతాయి.

లోపం బయటపడ్డాక కొనుగోలుదారు కష్టాలు ఇంతింత కాదు. తుపాకీ మరమ్మతు ఎవరు పడితే వారు చేయరాదు. చేసేందుకూ, పరీక్షించేందుకూ లైసెన్సు ఉండాలని ఆయుధ చట్టం అయిదో సెక్షన్ నిర్దేశిస్తోంది. ఊరి కమ్మరికి చూపిస్తే నేరం. ఇరుగుపొరుగుకు ఇచ్చి చూడమన్నా నేరమే. పోనీ కర్మాగారానికే తీసుకెళ్దామంటే, లైసెన్సు ఒక జిల్లాకో రాష్ట్రానికో పరిమితమైనప్పుడు హద్దు దాటడానికి వేరే అనుమతి కావాలి. గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న మనిషి కాన్పూర్ దాకా ఆయుధం చేరవేయడం మాటలు కాదు. మార్చి ఇస్తామన్నా చిక్కే. లైసెన్సు పుస్తకంలో నమోదైంది పాత తుపాకీ నంబరు. కొత్తది పుచ్చుకోవాలంటే మళ్లీ అధికారుల చుట్టూ ప్రదక్షిణలు. ఈలోగా ఎన్నికలొస్తే ఆయుధాన్ని ఠాణాలోనో డీలరు వద్దో జమచేయాలి. హామీ గడువు మాత్రం ఎవరికోసమూ ఆగదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వని చందం!

తయారీదారుల స్పందన మరో ప్రహసనం. వాడకం తెలియక చెడగొట్టారు, నూనె పెట్టలేదు, నాసి తూటాలు వాడారు- ఫిర్యాదు ఏదైనా జవాబు సిద్ధం. ఇది ఒక్క రివాల్వరు కొన్న ఒంటరి పౌరుడికే పరిమితమైన అనుభవం కాదు. 2005 ఆగస్టులో నేపాల్ సైన్యం, మావోయిస్టులతో జరిగిన సుదీర్ఘ పోరులో తమ జవాన్లు 40 మందికిపైగా బలయ్యారని, భారత్ సరఫరా చేసిన ఇన్సాస్ రైఫిళ్లు కీలక ఘడియలో మొరాయించడం అందుకు కారణమని ఆరోపించింది. సరిగా వాడకపోవడమే కారణం కావచ్చునని, కావాలంటే శిక్షణ ఇస్తామని మనవైపునుంచి సమాధానం వెళ్లింది. ఆ వివాదంలో ఎవరి మాట నిజమన్నది నిపుణులు తేల్చాల్సిన విషయం. అభియోగం మోపింది ఒక దేశ సైన్యమైనప్పటికీ తక్షణం వచ్చిన జవాబు అదే అయినప్పుడు, ఒక సామాన్యుడి అర్జీకి దక్కే గౌరవమెంతో ఊహించడం కష్టం కాదు. ఆడలేక మద్దెల ఓడన్నదట వెనకటికి ఒకామె. ఆ సామెతను అడ్డం పెట్టుకొని మద్దెల చేసినవాడు ప్రతిసారీ తప్పుకొంటే, మద్దెల నిజంగానే ఓడైననాడు ఆ సంగతి తేల్చేదెవరు?

తేల్చే వ్యవస్థ స్వతంత్రంగా ఉండాలన్నది ఆయుధాల తయారీలో ఆరితేరిన దేశాలు ఎన్నడో గ్రహించిన సత్యం. బ్రిటన్‌లో బర్మింగ్‌హామ్ పరీక్షాశాల 1813లో పార్లమెంటు చట్టం ద్వారానే ఏర్పడింది. అధిక పీడనాన్ని పుట్టించే తూటాతో పేల్చి, గొట్టం తట్టుకొన్నదని రుజువయ్యాక ముద్ర వేస్తారు. ఆ ముద్ర లేని తుపాకీని అమ్మడం అక్కడ నేరం. మన కర్మాగారాల తుపాకులపైనా ముద్రలుంటాయి. అవి చెప్పేది గొట్టం, చక్రం పగిలిపోవన్న సంగతి మాత్రమే. మీట బిగువు, చక్రం నిలకడ, సుత్తి బలం, గురి కుదిరిక వంటివాటికి ఆ ముద్ర పూచీ కాదు. ఈ తేడా కొనేవాడికి ఎవరూ చెప్పరు. తయారుచేసేవాడు, పరీక్షించేవాడు, ధర కట్టేవాడు, ఫిర్యాదు వినేవాడు ఒకే గూటి పక్షులైతే నాణ్యతపై నమ్మకం ఎలా కుదురుతుంది?

ఈ చీకట్లో వినియోగదారుల చట్టమే చిరుదీపం. ప్రభుత్వ సంస్థలు వినియోగదారుల న్యాయస్థానాలకు అతీతం కావని 1993 నవంబరులో లఖ్‌నవూ అభివృద్ధి సంస్థ కేసులో సర్వోన్నత న్యాయస్థానం తేల్చిచెప్పింది. అధికారుల వేధింపునకు గురైన సామాన్యుడికి పరిహారం చెల్లించాలనీ ఆ తీర్పు ఉద్బోధించింది. 2020 జులైనుంచి అమల్లోకి వచ్చిన 2019నాటి వినియోగదారుల రక్షణ చట్టం మరో రెండడుగులు ముందుకేసింది. కొన్నచోటో కంపెనీ ఉన్నచోటో కాక, తాను నివసించేచోటే ఫిర్యాదు దాఖలు చేసుకొనే సౌలభ్యం కల్పించింది. అయిదు లక్షల రూపాయల లోపు విలువైన వస్తువులపై రుసుము లేదు. లోపం రుజువైతే సరిచేయాలని, మార్చి ఇవ్వాలని, వడ్డీతో సొమ్ము వాపసు చేయాలని జిల్లా కమిషన్ ఆదేశించవచ్చు. తయారీ లోపంవల్ల గాయమో ప్రాణహానో సంభవిస్తే తయారీదారును బాధ్యుణ్ని చేసే ప్రత్యేక అధ్యాయం ఈ చట్టంలోనే తొలిసారి చోటుచేసుకొంది.

ఈ దీపానికీ గాలి తాకిడి తప్పడం లేదు. వస్తువును మార్చినా, దుర్వినియోగం చేసినా అమ్మకందారు బాధ్యత తొలగిపోతుందని అదే చట్టం చెబుతోంది. బిగువుగా ఉన్న మీటను కొనుగోలుదారు ఆకురాయితో ఒక్కసారి రుద్దాడా, అతడి ఫిర్యాదు అక్కడికక్కడే నీరుగారిపోయే ప్రమాదం ఉంది. అసలు చిక్కు మరొకటి. ప్రయోగశాల పరీక్ష లేకుండా తేలని లోపమైతే నమూనాను తగిన ప్రయోగశాలకు పంపాలని, 45 రోజుల్లో నివేదిక తెప్పించుకోవాలని చట్టం నిర్దేశించింది. పప్పుదినుసుల కల్తీకి, విద్యుత్ పరికరాల నాణ్యతకు ఎక్కడికి పంపాలో తెలుసు. రివాల్వరు నాణ్యతకు ఏది తగిన ప్రయోగశాల? దాన్ని చేసిన కర్మాగారానికే పంపితే, దొంగ చేతికి తాళమిచ్చినట్లే. హైదరాబాద్‌తో సహా పలు నగరాల్లో కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాలలు పనిచేస్తున్నాయి. నేరస్థలంలో దొరికిన తూటా ఏ తుపాకీదో చెప్పగల నిపుణులకు, కొత్త తుపాకీ ఎందుకు పేలలేదో చెప్పడం అసాధ్యమేమీ కాదు. కావలసింది వారికి ఆ పని అప్పగించే ఉత్తర్వు. ఆ ఒక్క కాగితం లేకనే ఫిర్యాదుదారు మాటకు, కంపెనీ మాటకు నడుమ న్యాయం నలిగిపోతోంది.

ఒక్క తుపాకీలో బయటపడిన లోపం ఆ ఒక్కదానికే పరిమితమని అనుకోవడం ఆత్మవంచన. ఒకే యంత్రంపై, ఒకే వారంలో తయారైన వందలాది తుపాకుల్లో అదే తప్పు దాగి ఉండవచ్చు. అలాంటప్పుడు వాటన్నింటినీ వెనక్కి రప్పించి సరిచేయడమొక్కటే మార్గం. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం లోపభూయిష్ట వాహనాలను వెనక్కి పిలిపించే అధికారాన్ని కేంద్రానికి కట్టబెట్టింది. 2020లో ఏర్పాటైన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ప్రమాదకర వస్తువులను మార్కెట్‌నుంచి ఉపసంహరింపజేసే అధికారం చట్టంలోని 20వ సెక్షన్ ఇస్తోంది. ప్రమాణాలు పాటించని ప్రెషర్ కుక్కర్లను అమ్మిన ఆన్‌లైన్ అంగళ్లపై 2022లో ఆ సంస్థ కొరడా ఝళిపించింది. కుక్కర్లు వెనక్కి తీసుకొని సొమ్ము తిరిగి చెల్లించాలని ఆదేశించింది. వంటింట్లో పేలే ప్రమాదమున్న కుక్కరుపై ఉన్నపాటి శ్రద్ధ, పేలడమే పనిగా పుట్టిన రివాల్వరుపై ఉండనక్కరలేదా?

తుపాకుల తయారీలో అగ్రగామి అయిన అమెరికా ఈ విషయంలో ఆదర్శం కాదు, హెచ్చరిక. అక్కడి 1972నాటి వినియోగ వస్తువుల భద్రతా చట్టం తుపాకులను తన పరిధినుంచి మినహాయించింది. బొమ్మ తుపాకీని ఉపసంహరింపజేయగల ప్రభుత్వ సంస్థ అసలు తుపాకీ జోలికి వెళ్లలేదు. అక్కడ దిద్దుబాటు కంపెనీల మంచితనంపైనా, కోర్టు కేసుల భయంపైనా ఆధారపడి నడుస్తోంది. అయినా 1982లో రూగర్ సంస్థ, తాను 1953-72 మధ్య తయారుచేసిన పాత తరహా రివాల్వర్లు కిందపడితే పేలే అవకాశముందని గుర్తించి, వాటిలో భద్రతా భాగాలను ఉచితంగా అమర్చే పథకం ప్రకటించింది. ఎన్నేళ్ల కిందట అమ్మిందని, ఎన్ని చేతులు మారిందని చూడలేదు. వ్యాపార సంస్థ చేయగలిగిన పని ప్రజల సొమ్ముతో నడిచే కర్మాగారాలకు ఎందుకు చేతకాదు?

దేశంలో తుపాకులు ఎంత తక్కువగా ఉంటే అంత మేలు కదా, వాటి నాణ్యత గురించి ఇంత ఆరాటమెందుకని కొందరు ప్రశ్నించవచ్చు. తుపాకుల సంస్కృతి ప్రబలరాదన్న వారి ఆందోళనతో విభేదించాల్సిన పని లేదు. నాసిరకం తుపాకీవల్ల తుపాకుల సంఖ్య తగ్గదు. ప్రమాదాల సంఖ్య మాత్రం పెరుగుతుంది. లోపమున్న రివాల్వరు దుండగుణ్ని నిలువరించలేకపోవచ్చు. ఇంట్లో అల్మారాలోంచి జారిపడి పసివాడి ప్రాణం తీయవచ్చు. పైగా మన దేశంలో తుపాకీ హత్యల్లో అత్యధికం లైసెన్సు లేని ఆయుధాలతో జరుగుతున్నవేనని జాతీయ నేర గణాంక సంస్థ నివేదికలు చాటుతున్నాయి. చట్టాన్ని గౌరవించి, పన్నులు చెల్లించి, పేరు నమోదు చేయించుకొన్నవాడికి మొరాయించే సరకు అంటగట్టడం చట్టబద్ధతకే అపచారం. అటువంటి అనుభవాలు దొంగదారి బేరాలకు పరోక్షంగా రాచబాట పరుస్తాయి.

రెండు శతాబ్దాల చరిత్ర ఉన్న ఆయుధ కర్మాగారాల వ్యవస్థ 2021 అక్టోబరు ఒకటిన రూపు మార్చుకొంది. బోర్డు రద్దయి, 41 కర్మాగారాలు ఏడు ప్రభుత్వరంగ కంపెనీలయ్యాయి. చిన్న ఆయుధాల తయారీ కాన్పూర్ కేంద్రంగా ఏర్పడిన కంపెనీకి దక్కింది. 2023 ఆగస్టులో అది 'ప్రబల్' పేరిట, చక్రం పక్కకు తెరుచుకొనే కొత్త రివాల్వరును విపణిలోకి తెచ్చింది. యాభై మీటర్ల దూరంలోని లక్ష్యాన్ని ఛేదించగలదని ఘనంగా చాటింది. మరోవైపు 2016 నిబంధనల దరిమిలా ప్రైవేటు తయారీకీ తలుపులు తెరుచుకొన్నాయి. కొత్త నమూనాలు రావడం, పోటీ మొదలవడం శుభ పరిణామాలే. బోర్డు పోయి కంపెనీ వచ్చినంత మాత్రాన పాత అలవాట్లు పోవు. యాభై మీటర్ల గురి గురించి చెప్పుకొనేవారు, అమ్మిన తరవాత అయిదేళ్ల దాకా తమ బాధ్యత ఏమిటో కూడా అంతే గట్టిగా చెప్పాలి.

చేయాల్సిన పనులు కొండలు పిండికొట్టేంతటివి కావు. ప్రతి రివాల్వరుతో పాటు దాని నంబరు వేసి, ఆ ఒక్క ఆయుధానికి జరిపిన పరీక్షల ఫలితాలు- ఎన్ని తూటాలు పేల్చారు, మీటకు ఎంత బలం కావాలి, గురి ఎంత కుదిరింది- రాసిన ధ్రువపత్రం కొనుగోలుదారుకు విధిగా ఇవ్వాలి. హామీ షరతులను ప్రాంతీయ భాషల్లో ముద్రించాలి. ఆయుధం ఠాణాలో జమైన రోజులను హామీ గడువునుంచి మినహాయించాలి. రాష్ట్రానికి ఒక్కటైనా అధీకృత మరమ్మతు కేంద్రం నెలకొల్పాలి. లోపమున్న తుపాకీని లైసెన్సున్న డీలరే కర్మాగారానికి చేరవేసే ఏర్పాటు ఉండాలి. మార్చి ఇచ్చిన ఆయుధం నంబరును లైసెన్సులో నమోదు చేయడానికి నిర్ణీత గడువు విధించాలి. వచ్చిన ఫిర్యాదులు ఎన్ని, ఏ నమూనాపై, ఏం చేశారన్న వివరాలను ఏటా బహిరంగపరచాలి. ఫోరెన్సిక్ ప్రయోగశాలలను పరీక్షా కేంద్రాలుగా ప్రకటించాలి. ఒకే లోపం పదేపదే బయటపడితే వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఎవరి ఫిర్యాదుకోసమూ ఎదురుచూడకుండా రంగంలోకి దిగాలి.

కొనేవారికీ కొన్ని బాధ్యతలున్నాయి. సొమ్ము చెల్లించక ముందే డీలరు సమక్షంలో, తూటాలు లేవని రూఢి చేసుకొని, చక్రం ప్రతి గడిలోనూ గట్టిగా నిలుస్తున్నదీ లేనిదీ చూడాలి. తుపాకీపై నంబరును బిల్లుతో, లైసెన్సుతో సరిపోల్చుకోవాలి. పేల్చినప్పుడు తూటా పేలకపోతే గొట్టాన్ని సురక్షితమైన దిక్కుకే ఉంచి కనీసం అర నిమిషం ఆగాలి. ఆలస్యంగా పేలే తూటాలూ ఉంటాయి. శబ్దం మామూలుకన్నా బలహీనంగా వినిపిస్తే మళ్లీ మీట నొక్కరాదు. గుండు గొట్టంలోనే చిక్కుకొని ఉంటే తరవాతి తూటా గొట్టాన్నే బద్దలు చేస్తుంది. లోపం కనిపించిన రోజునే తేదీ వేసి, తూటాల పెట్టెపై ఉన్న వివరాలతో సహా డీలరుకు, తయారీదారుకు రిజిస్టర్డ్ పోస్టులో తెలియజేయాలి. ఫిర్యాదుకు రెండేళ్లే గడువన్న సంగతి మరువరాదు. అన్నింటినీ మించి, సొంత వైద్యానికి పూనుకోరాదు.

పౌరుడి చేతికి ఆయుధం అందించడమంటే ప్రభుత్వం అతడిపై ఒక నమ్మకం ఉంచడం. ఆ ఆయుధానికి లక్ష రూపాయలు చెల్లించడమంటే పౌరుడు ప్రభుత్వంపై అంతకు మించిన నమ్మకం ఉంచడం. మొదటి నమ్మకాన్ని వమ్ము చేస్తే జైలు ఉంది. రెండోదాన్ని వమ్ము చేస్తే సంజాయిషీ సైతం లేదు. ఈ అసమతూకాన్ని సరిదిద్దేందుకు కొత్త చట్టాలు అక్కరలేదు. ఉన్నవాటిని కదిలించే సంకల్పం చాలు. ఎక్కడో ఒక ఇంట్లో ఒక ప్రాణం పోయాక విచారణ సంఘాలు వేయడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. కొనేవాడి గుణగణాలను జల్లెడపట్టే సర్కారు, తాను అమ్మే తుపాకీ గుణగణాలకూ పూచీ పడి తీరాలి!